నాన్నతో షింకన్‌సెన్: టోక్యో నుంచి హిరోషిమాకి, మళ్లీ వెనక్కి

నాన్న ముప్ఫై నాలుగేళ్లు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. అందులో సగానికి పైగా గూడ్సు బండ్లే. రాత్రంతా చివరి బ్రేక్ వ్యాన్‌లో ఒక్కరే కూర్చుని, ఏ స్టేషన్ ఎన్నింటికి దాటామో రాసుకుంటూ గడిపిన మనిషి. నేను ఉద్యోగానికి టోక్యో వచ్చి నాలుగేళ్లయింది. ఈ జూన్ చివర్లో ఆయన మొదటిసారి నా దగ్గరికి వచ్చారు. ఏమేం చూస్తారు నాన్నా అని అడిగితే గుళ్లూ తోటలూ ఏమీ అడగలేదు. "ఆ బుల్లెట్ రైలు ఎక్కించమ్మా. ట్రైనింగ్‌లో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను. అంత ఉందో లేదో నా కళ్లతో చూడాలి" అన్నారు.

ఆయన ట్రైనింగ్ స్కూల్లో పాఠం చెప్పిన పెద్దాయన జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్ ప్రస్తావన తరచూ తెచ్చేవారట. 1964 అక్టోబర్ 1న టోక్యో, ఒసాకాల మధ్య మొదలైందనీ, గంటకి 210 కిలోమీటర్లు వెళ్తుందనీ, దాని పట్టాల మీదికి వేరే ఏ బండీ రాదనీ చెప్పేవారట. గంటకి నలభై దాటని గూడ్సు బండి మీద డ్యూటీ చేస్తూ ఆ అంకెని ఊహించుకునేవాడినని నాన్న అన్నారు. దాంతో ఏదో ఒక గంట ప్రయాణం చేయించి మమ అనిపించడం నాకు ఇష్టం లేకపోయింది. హిరోషిమా అనుకున్నాం. షింకన్‌సెన్ బండ్లలో అన్నిటికంటే తక్కువ స్టేషన్లలో ఆగే నొజొమిలో దగ్గర దగ్గర నాలుగు గంటలు.

విమానం గురించి కూడా ఆలోచించాను. గాల్లో ఉండేది గంటా ఇరవై నిమిషాలే. కానీ హిరోషిమా విమానాశ్రయం ఊరికి దూరంగా కొండల్లో ఉంటుంది, అక్కడి నుంచి బస్సులో ఇంకో ముప్పావు గంట పైనే. ఇటు టోక్యోలో హనెదా విమానాశ్రయానికి వెళ్లడం, చెకిన్, ఎదురుచూపులు అన్నీ కలిపితే రైలూ విమానమూ ఇంచుమించు ఒకటే. ఇక్కడి వాళ్లు దీన్ని 'నాలుగు గంటల గోడ' అంటారు. రైలు ప్రయాణం నాలుగు గంటల లోపయితే జనం రైలెక్కుతారు, దాటితే విమానం వైపు పోతారు. హిరోషిమా సరిగ్గా ఆ గోడ మీద ఉంది.

తర్వాత డబ్బు సంగతి. నాన్న టూరిస్టుగా వచ్చారు కాబట్టి ఆయనకి జపాన్ రైల్ పాస్ కొనొచ్చు, అది ఉన్నన్ని రోజులూ ఎన్నిసార్లయినా రైలెక్కొచ్చు. ఇక్కడ ఉద్యోగం చేస్తున్న నాకు ఆ అవకాశం లేదు. చాలామంది ఇప్పటికీ "పాస్ కొనేయండి, గిట్టుబాటు" అని చెబుతుంటారు. అది పాత మాట. 2023 అక్టోబర్‌లో ఏడు రోజుల పాస్ ధర 29,650 యెన్ల నుంచి ఒకేసారి 50,000 అయింది. పైగా పాస్ ఉన్నా నొజొమి ఎక్కాలంటే విడిగా కట్టాలి. మామూలు టికెట్ అయితే టోక్యో నుంచి హిరోషిమాకి రిజర్వుడు సీటు 19,760 యెన్లు, సీజన్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. రానూ పోనూ 39,520. ఒక్క హిరోషిమాకే వెళ్లొచ్చేవాళ్లకి పాస్ నష్టం. నేను కాగితం మీద రెండుసార్లు లెక్కేసి మరీ వదిలేశాను.

జూలై 2 బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా స్టేషన్ టికెట్ కౌంటర్‌కి వెళ్లాను. ముప్పై ఐదు నిమిషాలు లైన్లో నిలబడాల్సి వచ్చింది. పక్కనే మెషిన్లు ఖాళీగా ఉన్నాయి, వాటిలో ఇంగ్లిష్ కూడా ఉంది. కానీ సీట్లు ఫలానా పెట్టెలో, ఫలానా వైపు కావాలని మనిషికి చెప్పుకుంటే నాకు ధైర్యం. ఫోన్ యాప్‌లో కొంటే ఈ తిప్పలుండవు, కాస్త తక్కువకి కూడా వస్తుంది. నాన్న మాత్రం "నాకు కాగితం టికెట్టే కావాలి" అన్నారు. కౌంటర్లో ఒక్కొక్కరికి రెండేసి కాగితాలు ఇచ్చారు. ఒకటి ప్రయాణపు టికెట్, రెండోది ఎక్స్‌ప్రెస్ టికెట్. సీటు నంబర్ రెండోదాని మీదే ఉంటుంది. రెండూ జాగ్రత్తగా దాచుకోవాలి. ఒకటి పోతే రెండోదానితో పని జరగదు.

డి, ఇ సీట్లు అడిగాను. టోక్యో నుంచి పడమటికి వెళ్తుంటే ఫుజి పర్వతం కుడివైపు, అంటే ఇ కిటికీ వైపు కనిపిస్తుంది. పెట్టె మాత్రం నాన్న చెప్పిందే, పదిహేనోది. "పదహారోది ఆఖరిది కదా, గార్డు అక్కడే ఉంటాడు" అన్నారు.

సామాను విషయంలో ఇంట్లో చిన్న వాదన జరిగింది. ఆయన తెచ్చుకున్న పెద్ద సూట్‌కేసే తీసుకెళ్దామన్నారు. టేపుతో కొలిస్తే పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 168 సెంటీమీటర్లు వచ్చింది. ఈ లైన్లో 160 దాటితే పెట్టె చివరి వరుసలో, వెనక సామాను చోటున్న సీటు ముందే బుక్ చేసుకోవాలి. దానికి అదనంగా ఏమీ తీసుకోరు, కానీ చేయకుండా ఎక్కితే 1,000 యెన్లు కట్టాలి. మా సీట్లు మధ్యలో ఉన్నాయి. రెండు రాత్రులకి అంత పెట్టె ఎందుకని నచ్చజెప్పి నా చిన్న బ్యాగులో సర్దాను.

జూలై 7 సోమవారం. ఇంటి నుంచి ఏడున్నరకి బయలుదేరాం. కౌంటర్లో చెప్పకపోతే నాకు తెలిసేది కాని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ప్రయాణపు టికెట్ మీద బయలుదేరే చోటు టోక్యో స్టేషన్ అని ఉండదు, టోక్యో నగర వార్డులు అని ఉంటుంది. అంటే ఇరవై మూడు వార్డుల్లోని ఏ జేఆర్ (జపాన్ రైల్వేస్) స్టేషన్ నుంచైనా అదే టికెట్‌తో మొదలెట్టొచ్చు. మా ఇంటి దగ్గర లోకల్ రైలుకి వేరే టికెట్ కొనక్కర్లేకపోయింది.

టోక్యో స్టేషన్‌లో లోకల్ ప్లాట్‌ఫాంల నుంచి షింకన్‌సెన్ వైపు వెళ్లడానికి ఇంకో గేటు ఉంటుంది. అక్కడ రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి లోపలికి వేయాలి. నాన్న ఒక్కటే వేశారు. గేటు మూసుకుపోయి ఎర్రలైటు వెలిగింది. వెనక ఆఫీసుకెళ్లే జనం ఆగిపోయారు. ఆయన ముఖంలో కంగారు చూసి నాకు గుండె కలుక్కుమంది. ముప్ఫై నాలుగేళ్లు రైళ్లు నడిపించిన మనిషి ఒక గేటు ముందు అలా తడబడటం నేను చూడలేకపోయాను. స్టేషన్ అమ్మాయి వచ్చి రెండూ కలిపి వేయించింది. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఈ ఒక్క విషయం ఇంట్లోనే ఒకసారి చెప్పి తీసుకెళ్లండి.

ప్లాట్‌ఫాం మీదికి చేరేసరికి తొమ్మిదీ ఐదు. మా బండి తొమ్మిదిన్నరకి. ఆ ఇరవై ఐదు నిమిషాలు నాన్న కూర్చోలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి వచ్చిన బండీ పోయిన బండీ టైము రాస్తూ నిలబడ్డారు. పదహారు పెట్టెలు, 1,323 సీట్లు ఉన్న బండి ఒకటి వెళ్లిన కాసేపటికే ఇంకొకటి అదే వైపు వెళ్తోంది. రద్దీ వేళల్లో గంటకి పన్నెండు నొజొమిలు నడిపేలా 2020లోనే టైంటేబుల్ మార్చారు. ఎక్కువ స్టేషన్లలో ఆగే హికరి, కొదమ బండ్లు వాటికి అదనం. "ముందు బండి ఎంత దూరం పోయిందని దీనికి లైన్ క్లియర్ ఇచ్చారు?" అని నాన్న తనలో తానే అడుక్కున్నారు. నన్ను చూసి, "వేగం సంగతి తర్వాత. ముందు ఇది చూడు. ఇంత దగ్గర దగ్గరగా, ఒక్కటీ ఆలస్యం లేకుండా. ఇది మామూలు పని కాదు తల్లీ" అన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది.

మా బండి బయలుదేరే ముందు ఆయన చివరి పెట్టె దాకా నడిచారు. కండక్టర్ తెల్ల గ్లవ్ వేసుకున్న చేతిని చాపి, ఒక్కో వస్తువు వైపూ వేలు చూపిస్తూ పైకి మాట్లాడుకుంటున్నాడు. కళ్లతో చూసింది చేత్తో చూపించి నోటితో పలికితే పొరపాటు తగ్గుతుందని ఇక్కడి రైల్వేల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. నాన్న దూరంగా నిలబడి తల పంకించారు. "మేం డ్రైవర్‌తో ఆల్‌రైట్ సిగ్నల్ మార్చుకునేవాళ్లం. వీళ్లు వాళ్లతో వాళ్లే మార్చుకుంటున్నారు" అన్నారు.

బండి కదిలిన సంగతి మాకు తెలియలేదు. పుస్తకంలో నాన్న "టోక్యో 9.30, రైట్ టైమ్" అని రాశారు. షినగవా, షిన్ యొకొహమా దాకా ఊరి మధ్య నెమ్మదిగానే పోతుంది. ఆ తర్వాత అందుకుంది. నా ఫోన్‌లో 284 చూపించింది. టోక్యో, ఒసాకాల మధ్య ఉన్న ఈ తోకైదో లైన్లో గరిష్ఠ వేగం గంటకి 285 కిలోమీటర్లు. నిజం చెప్పాలంటే ఆ వేగం ఒంటికి తెలియదు. దూరంగా ఉన్న కొండ నెమ్మదిగానే కదులుతుంది, గ్లాసులో నీళ్లు తొణకవు. వేగం తెలిసింది ఎదురుబండి వచ్చినప్పుడే. కిటికీ మీద ఎవరో అరచేత్తో కొట్టినట్టు టప్‌మని ఒక శబ్దం, తెల్లటి గీత, అంతే. నాన్న నాలుగు బండ్లకి వాచీ పట్టుకుని చూశారు. నాలుగొందల మీటర్ల బండి మమ్మల్ని దాటడానికి రెండున్నర సెకన్లు. "గూడ్సు ఎదురొస్తే నేను వ్యాగన్లు లెక్కపెట్టేవాణ్ణి" అన్నారు.

బయట సిగ్నల్ స్తంభాల కోసం ఆయన చాలాసేపు వెతికారు. లేవు. ఇంత వేగంలో పక్కనున్న దీపాన్ని మనిషి చదవలేడు కాబట్టి సిగ్నల్ నేరుగా డ్రైవర్ ముందున్న బోర్డులోకే వస్తుంది. ఎక్కడా లెవెల్ క్రాసింగ్ కూడా లేదు. జపాన్ మామూలు రైళ్లు 1,067 మిల్లీమీటర్ల సన్న పట్టాల మీద నడుస్తాయి, వీటికి మాత్రం 1,435 మిల్లీమీటర్ల పట్టాలు విడిగా వేశారు. ట్రైనింగ్ స్కూల్లో పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజమైనందుకు నాన్న సంతోషించారు.

ఫుజి కనిపించలేదు. టోక్యో దాటిన నలభై నిమిషాలకి అందరూ కుడివైపు తిరిగారు, ఫోన్లు తీశారు. మొత్తం మబ్బు. జూలైలో ఇది మామూలేనట. ఆ కొండ కోసమే వచ్చేవాళ్లు చలికాలం పెట్టుకోవడం మంచిది.

11.57కి షిన్ ఒసాకా. నాన్న లెక్కేశారు. అసలు దూరం 515 కిలోమీటర్లు, పట్టింది 147 నిమిషాలు, సగటున గంటకి 210. "ఆ పెద్దాయన చెప్పిన అంకె ఇదే కదా" అని నవ్వారు. అప్పట్లో అది గరిష్ఠ వేగం, ఇప్పుడు ఆగే స్టేషన్లన్నీ కలుపుకున్న సగటు. 285, 300 అని వినేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకుంటే తర్వాత నిరాశపడరు.

షిన్ ఒసాకాలో సిబ్బంది మారారు. అక్కడి నుంచి వేరే కంపెనీ లైను. వేగం 300కి పెరిగింది, చూడ్డానికి మాత్రం ఏమీ మిగల్లేదు. 1964 నాటి లైన్లో మలుపులు ఇప్పటి వేగానికి ఇరుకు. 1970లలో వేసిన ఈ సాన్యో లైనుని తిన్నగా ఉంచడం కోసం కొండల్ని తొలుచుకుంటూ పోయారు. సగం దూరం సొరంగాలే. చెవులు మూసుకుపోవడం, తెరుచుకోవడం, నల్లటి కిటికీలో మన ముఖమే మనకి కనిపించడం. నాన్నకి చెవి నొప్పి వచ్చింది. చప్పరించడానికి లవంగం ఇచ్చాను. కిటికీలోంచి దేశం చూడొచ్చనుకుంటే ఈ భాగంలో అది కుదరదు.

ఒకటీ ఇరవై దాటాక హిరోషిమాలో దిగాం. గేటులో రెండు కాగితాలూ కలిపి నాన్నే ధైర్యంగా వేశారు. గేటు తెరుచుకుంది, కాగితాలు బయటికి రాలేదు. ఆయన అవతలి పక్క నిలబడి మెషిన్ వైపే చూస్తున్నారు. "టికెట్ ఇవ్వదా?" అన్నారు. ప్రయాణం అయిపోతే మెషిన్ టికెట్ ఉంచేసుకుంటుంది నాన్నా అన్నాను. ఏమీ అనలేదు. కాగితం టికెట్టే కావాలని ఎందుకన్నారో నాకప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రమంతా అది నన్ను బాధించింది.

హిరోషిమాలో రెండు రోజులు ఎక్కువగా ట్రాముల్లోనే తిరిగాం. స్మారక మ్యూజియం చూసి బయటికి వచ్చాక ఇద్దరం గంటసేపు మాట్లాడుకోలేదు. 1945 ఆగస్టు 6న బాంబు పడితే, మూడు రోజులకే, తొమ్మిదో తేదీన, ఆ ఊళ్లో ట్రాము ఒక ముక్క దారిలో మళ్లీ నడిచింది. ఆ మాట చెప్పినప్పుడు నాన్న, "నడిపినవాళ్ల ఇళ్లల్లో ఎవరు మిగిలారో" అన్నారు. దాని తర్వాత ట్రాము ఎక్కిన ప్రతిసారీ డ్రైవర్‌కి తల వంచి దిగారు.

జూలై 9 బుధవారం. తిరుగు టికెట్లు ముందు రోజే హిరోషిమా స్టేషన్లో మెషిన్ దగ్గర కొన్నాను, ఐదు నిమిషాల పని. మళ్లీ ఇద్దరికీ 39,520. మొత్తం 79,040 యెన్లు. పది గంటల బండి, రెండు లోపు టోక్యో, భోజనం ఇంట్లోనే అనుకుని తినడానికేమీ కొనలేదు. అది నా తప్పు.

నగోయా దాటాక వాన పెరిగింది. పన్నెండూ యాభై ప్రాంతంలో బండి మెల్లమెల్లగా నెమ్మదించి పొలాల మధ్య ఆగిపోయింది. జపనీస్‌లో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి ప్రకటన వచ్చింది. ముందున్న భాగంలో వాన పరిమితి దాటిందట, ఎప్పుడు కదులుతుందో చెప్పలేమట. పది నిమిషాలు, ఇరవై, ముప్పై. నాకు టెన్షన్ మొదలైంది. నాన్నకి షుగర్. ఒంటిగంటకల్లా తినాలి. ఈ బండ్లలో ఇదివరకు తోపుడుబండి తెచ్చి తినుబండారాలు అమ్మేవాళ్లు. 2023 అక్టోబర్ చివరితో ఈ లైన్లో మామూలు పెట్టెల్లో అది ఆపేశారు. నా సంచిలో అరసీసా నీళ్లు తప్ప ఏమీ లేవు. మూడు గంటలు ఇలాగే ఉంటే అన్న ఆలోచనతో నా చేతులు చల్లబడ్డాయి.

నాన్న మాత్రం స్థిమితంగా బ్యాగు కింది అర తెరిచి స్టీలు డబ్బా తీశారు. జంతికలు, రెండు చపాతీలు, ఒక పొట్లంలో ఖర్జూరాలు. ఉదయం నేను స్నానానికి వెళ్లినప్పుడు సర్దుకున్నారట. "బండెక్కేవాడు ఎప్పుడు దిగుతాడో చెప్పలేడమ్మా. డ్యూటీలో నేర్చుకున్న మొదటి పాఠం అదే" అన్నారు. చపాతీలు ఆయన తిన్నారు, జంతికలు నాకు పెట్టారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంత పేరున్న రైలు వానకి ఆగిపోయిందేంటి నాన్నా" అన్నాను చిరాగ్గా. ఆయన కిటికీ బయట చెయ్యి చూపించారు. పట్టాలు ఎత్తయిన మట్టి కట్ట మీద ఉన్నాయి. తోకైదో లైన్లో చాలా భాగం ఇలాంటి కట్టే. లైను పొడవునా వాన కొలిచే మీటర్లు పెట్టారు, అంకె దాటితే బండి ఆగాల్సిందే. "కట్ట నానితే జారుతుంది. ఆపినందుకు కాదు, ఆపకపోతే భయపడాలి. మాకూ వానాకాలంలో నెమ్మదిగా పొమ్మని కాషన్ ఆర్డర్లు ఇచ్చేవాళ్లు. జనం తిట్టేవాళ్లు, మేం పడేవాళ్లం" అన్నారు. 1964 నుంచి ఇప్పటిదాకా షింకన్‌సెన్‌లో బండ్లు గుద్దుకునో పట్టాలు తప్పో ఒక్క ప్రయాణికుడు కూడా చనిపోలేదని నేను చదివిన మాట ఆయనకి చెప్పాను. 2004లో నీగాతా భూకంపానికి ఒక బండి పట్టాలు తప్పింది, అప్పుడూ ఎవరూ చనిపోలేదు. ఆయన ఆ సంవత్సరం పుస్తకంలో రాసుకున్నారు.

యాభై ఒక్క నిమిషాల తర్వాత బండి కదిలింది. టోక్యో చేరేసరికి యాభై ఎనిమిది నిమిషాలు లేటు. రెండు గంటలు, ఆపైన ఆలస్యమైతేనే ఎక్స్‌ప్రెస్ టికెట్ డబ్బు వెనక్కిస్తారు. మాకేమీ రాలేదు. ఆ మధ్యాహ్నం ఆఫీసు మీటింగ్ ఒకటి పోయింది.

డబ్బుకి తగ్గట్టు ఉందా అని స్నేహితులు అడుగుతున్నారు. ఇద్దరికి 79,040 అంటే నాకు తేలిక కాదు, ప్రతి ఏడాదీ చేయలేను. కిటికీ చూపుల కోసమైతే అంత పెట్టొద్దనే చెబుతాను. ఊరి నడిబొడ్డున ఎక్కి ఊరి నడిబొడ్డున దిగడం, కాళ్లు చాపుకునే చోటు, రిజర్వు చేసిన బండి తప్పిపోయినా అదే రోజు వెనకొచ్చే బండిలో రిజర్వేషన్ లేని పెట్టెల్లో ఎక్కే వీలు, ఇవి నాకు వేగం కంటే విలువైనవిగా అనిపించాయి. ఆ ఆఖరి సౌకర్యం అన్నీ రిజర్వుడు చేసే పండగ రోజుల్లో అలాగే ఉండదు, అడిగి తెలుసుకోవాలి.

ఇంకొక పని మిగిలింది. హిరోషిమాలో ఆ రాత్రి ఫోన్‌లో వెతికితే తెలిసింది, టికెట్ దాచుకుంటామని అడిగితే చెల్లదని ముద్ర వేసి ఇచ్చేస్తారట. టోక్యోలో మెషిన్ గేటు వైపు వెళ్లకుండా నాన్నని పక్కన మనిషి ఉన్న గేటుకి తీసుకెళ్లాను. జ్ఞాపకంగా ఉంచుకుంటామని చెప్పాను. గేటు దగ్గరి ఉద్యోగి ఎక్స్‌ప్రెస్ టికెట్ మీద ముద్ర కొట్టి రెండు చేతులతో నాన్నకి ఇచ్చాడు. ప్రయాణపు టికెట్ ఇంకా మా ఇంటి స్టేషన్ దాకా చెల్లుతుంది కాబట్టి అక్కడ మళ్లీ అడిగి దాని మీద కూడా వేయించాం. రెండు చోట్లా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. ఒక్క యెన్ కూడా తీసుకోలేదు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక నాన్న భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. రెండు టికెట్లూ పుస్తకం అట్టలో పెట్టి, వెనకటి పేజీ తీసి, డ్యూటీ దిగాక రాసే తీరులోనే రాశారు.

"9-7. హిరోషిమా నుంచి టోక్యో. లేటు 58 నిమిషాలు. కారణం వాన. బండి క్షేమం."